రాజముద్రలోని నాలుగు గళ్ళ వెంట: ఘనా ప్రయాణం

నవంబర్ 10, సోమవారం, టెమా

దిగిన రోజు కార్తీక సోమవారం. మా ఆవిడ ఉపవాసం. ఘనాలో గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక నడుస్తుంది కాబట్టి ఆ రోజు ఉపవాసం కూడా అంతసేపూ సాగింది. టెమాలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఆవిడ అవస్థ చూడలేక, "చుక్క చూసి తినాలి, అంతే కదా అత్తయ్యా! ఇక్కడ జెండా మీదే చుక్క ఉంది. దండం పెట్టుకుని కానిచ్చేయండి" అన్నాడు. నల్లచుక్క లెక్కలోకి రాదని ఆవిడ తేల్చేసింది. అసలు చుక్కలు కనిపించేసరికి ఆరు దాటింది. అప్పుడు అన్నం వండుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి కలుపుకుని తిన్నాం.

అంతకుముందు అరటిపళ్ళ కోసం వీధి చివరి కొట్టుకి వెళ్ళాం. చిల్లరలో ఒక సెడీ బిళ్ళ వచ్చింది. సెడీ అంటే మేం వెళ్ళినప్పటి లెక్కలో దాదాపు 8 రూపాయలు. ఒక పక్క త్రాసు, రెండో పక్క ఆ దేశపు రాజముద్ర. బిళ్ళ మీద ఏదీ సరిగా తెలియడం లేదని మేనల్లుడు ఫోన్‌లో రంగుల బొమ్మ తీసి చూపించాడు. మధ్యలో నీలం డాలు, దానికి చెరో పక్క కాపలాగా ఒక గద్ద, పైన నల్లచుక్క. బంగారు అంచున్న ఆకుపచ్చ శిలువ డాలును నాలుగు గళ్ళుగా కోస్తుంది. మొదటి గడిలో ఒక కత్తీ, ఒక చేతికర్రా అడ్డంగా పెట్టి ఉన్నాయి. రెండో దాంట్లో అలల మీద కోట. మూడో దాంట్లో కోకో చెట్టు. నాలుగో దాంట్లో బంగారు గని. శిలువ నట్టనడుమ బంగారు సింహం. నీ ఆమన్ కోటే అనే చిత్రకారుడు గీసిన ఈ ముద్ర 1957 మార్చి 4న, అంటే స్వాతంత్ర్యానికి సరిగ్గా రెండు రోజుల ముందు అమల్లోకి వచ్చింది.

మన మూడు సింహాల బొమ్మకు అసలు శిల్పం చూడాలంటే సారనాథ్ ఒక్కచోటికి వెళ్తే సరిపోతుంది. వీళ్ళు ముద్రలో పెట్టుకున్నవేమో దేశం నాలుగు మూలలా ఉన్న చోట్లు, ఇవాళ్టికీ వాడుకలో ఉన్న వస్తువులు. "వీటిలో ఎన్ని చూడొచ్చురా?" అనడిగాను. "సింహం తప్ప అన్నీ చూపిస్తా మావయ్యా" అన్నాడు. అనుకున్న బీచ్ ప్రయాణం అక్కడితో రద్దయింది.

నవంబర్ 11, మంగళవారం, అక్రా

పొద్దున్న టిఫిన్ వాచే. బొబ్బర్లూ బియ్యం కలిపి, జొన్న ఆకులు వేసి వండుతారు. ఆ ఆకుల వల్లే అన్నం ముదురు ఎరుపులోకి తిరుగుతుంది. రోడ్డు పక్క పెద్ద పెద్ద గిన్నెలు పెట్టుకున్న ఆవిడ ముందు ఆఫీసులకు పోయేవాళ్ళ క్యూ. అన్నం మీద కర్రపెండలం రవ్వ, సేమ్యా లాంటి స్పగెట్టీ, గుడ్డు, చేప, నల్లటి కారం ముద్ద వరసగా పడిపోతుంటాయి. ఆ కారం ముద్ద పేరు షిటో. ఎండు రొయ్యల పొడి లేకుండా షిటో ఉండదట. కార్తీకమాసం కాబట్టి మా ఆవిడకి ఉత్త అన్నం, రవ్వ, పచ్చి ఉల్లిపాయ ముక్కలే దక్కాయి. ఆవిడది 15 సెడీలు, చేపతో నాది 40.

ఇక్కడ ఒక ఇబ్బంది. మా ఆవిడది పుర్రచెయ్యి. డబ్బులు ఎడం చేత్తో చాపింది. వాచే ఆవిడ నవ్వుతూనే ఉంది గానీ నోటు మాత్రం అందుకోలేదు. మేనల్లుడు గబుక్కున నోటు లాక్కుని కుడి చేత్తో ఇచ్చాడు. ఎడం చేత్తో ఇవ్వడం, తీసుకోవడం, ఆఖరికి దారి చూపించడం కూడా ఇక్కడ తప్పే. తప్పనిసరైతే ముందు క్షమాపణ చెప్పి ఇవ్వాలి. "మా అమ్మమ్మా ఇలాగే నా చెయ్యి మీద కొట్టేది" అంటూ మా ఆవిడ ఆ క్షమాపణ మాట నేర్చుకుని, తర్వాత ప్రయాణమంతా వాడింది.

ముందు బ్లాక్ స్టార్ స్క్వేర్. 30 వేల మంది కూర్చోగల మైదానం, 1961లో రెండో ఎలిజబెత్ రాణి వస్తున్నప్పుడు కట్టించింది. ఎండకు సిమెంటు మండిపోతోంది, మేం తప్ప నరమానవుడు లేడు. ఒక పక్క సముద్రం, ఇంకోపక్క తోరణం లాంటి ద్వారం. దాని నెత్తిన నల్లచుక్క, కింద 1957 అన్న అంకెలు, దేశపు నినాదమైన స్వేచ్ఛ, న్యాయం. ఈ చుక్క ఘనా వాళ్ళు కనిపెట్టింది కాదు. జమైకాలో పుట్టిన మార్కస్ గార్వీ 1919లో అమెరికాలో నల్లవాళ్ళ కోసం ఓడల కంపెనీ పెట్టాడు. దాని పేరు బ్లాక్ స్టార్ లైన్. ఓడలు ఎక్కువ కాలం నడవలేదు. చుక్క మాత్రం జెండా ఎక్కింది, ఫుట్‌బాల్ జట్టుకి పేరయింది.

అక్కడి నుంచి తూర్పుగా చూస్తే తీరాన తెల్లటి గోడలు. అదే రెండో గడిలోని కోట. 1660లలో డెన్మార్క్ వాళ్ళు కట్టిన క్రిస్టియన్స్‌బోర్గ్, ఇప్పటి పేరు ఒసు కోట. 50 సెడీల నోటు వెనకా దీని బొమ్మే. బానిసలను ఓడలెక్కించిన కోట ఇది. 1850లో ఇంగ్లీషువాళ్ళు కొనుక్కున్నారు, తర్వాత గవర్నర్ అందులోనే ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ప్రభుత్వం చాలా ఏళ్ళు అక్కణ్ణుంచే నడిచింది. డాలు మీద దానికి అర్థం జాతీయ ప్రభుత్వం. అలాంటి కోటని ముద్రలో పెట్టుకోవడం నాకు మింగుడు పడలేదు. డ్రైవర్ని అడిగితే, "ఆ కోట మమ్మల్ని అమ్మింది, మమ్మల్ని పాలించింది, ఇప్పుడు మాది. తీసేస్తే ఎవరికి లాభం?" అన్నాడు. అతను శుక్రవారం పుట్టాడు కాబట్టి కోఫీ. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే దేశంలో మాకు తగిలిన కోఫీలకు లెక్కలేదు.

కోట వైపు వెళ్ళే దారిలోనే 1948 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికులు, పెన్షన్లు, ఉద్యోగాలు ఇస్తామన్న మాట నిలబెట్టుకోమని గవర్నర్‌కి అర్జీ ఇవ్వడానికి నడిచి వెళ్తుంటే కాల్చారు. ముగ్గురు పోయారు. గోల్డ్‌కోస్ట్ (ఘనాకి అప్పటి పేరు) సైనికులు ఇండియా మీదుగా బర్మా వెళ్ళి జపాన్‌తో పోరాడినవాళ్ళు. స్వాతంత్ర్యం కథ ఇక్కడ ఈ కాల్పులతోనే మొదలుపెడతారు.

మధ్యాహ్నం ఎన్‌క్రుమా స్మారక ఉద్యానం. విదేశీయులకు టికెట్ స్థానికుల కంటే బాగా ఎక్కువ. మన తాజ్‌మహల్ దగ్గరా అంతే కాబట్టి నోరెత్తలేదు. ఇది ఒకప్పుడు తెల్లవాళ్ళ పోలో మైదానం. 1957 మార్చి 6న అర్ధరాత్రి దేశపు మొదటి ప్రధాని క్వామే ఎన్‌క్రుమా స్వాతంత్ర్యం ప్రకటించింది ఇక్కడే. ఆయన విగ్రహం ముందు రెండు నీటి తొట్లు, వాటిలో మోకాళ్ళ మీద వంగి కొమ్ము బూరాలు ఊదుతున్న శిల్పాలు. వెనక పాలరాతి సమాధి. ఆయన్నీ, ఈజిప్టు నుంచి వచ్చిన భార్య ఫాతియానీ అక్కడే ఉంచారు. ఓ మూలన తలలేని పాత విగ్రహం ఉంది. 1966లో సైన్యం ఆయన్ను దించేసినప్పుడు జనం పగలగొట్టినది. తల ఎవరో ఇంట్లో దాచి, 2009లో తెచ్చి ఇచ్చారు. అతికించలేదు, పక్కనే విడిగా నిలబెట్టారు. బాగుచేయకుండా వదిలేయడమే మంచి పని అనిపించింది.

జెండాకీ ఈయన గాలి తగిలింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలతో మొదలైన జెండాలో 1964లో పసుపు తీసేసి తెలుపు పెట్టారు. ఆయన పార్టీ రంగులకు దగ్గరగా రావాలని. 1966లో ఆయన గద్దె దిగగానే పసుపు తిరిగొచ్చింది.

రాత్రి కెలెవెలె తిన్నాం. బాగా ముగ్గిన కూర అరటిపండు ముక్కలకు అల్లం, మిరపకారం పట్టించి వేయిస్తారు. మా ఆవిడకి ఈ దేశంలో మొదటి రుచికరమైన భోజనం అదే. పొట్లం 20 సెడీలు. రెండో పొట్లం కూడా కొన్నాం.

నవంబర్ 12, బుధవారం, మాంపాంగ్

మూడో గడి కోసం మాంపాంగ్ పోవాలి. ఫోన్‌లో పేరు కొట్టగానే కోఫీకి మ్యాప్ దాదాపు ఆరు గంటల ప్రయాణం చూపించింది. దాన్నే నమ్మి కుమాసీ రోడ్డెక్కి, ఓ గంట పోయాక మేనల్లుడికి అనుమానం వచ్చింది. ఈ దేశంలో మాంపాంగ్‌లు రెండు. కుమాసీ నగరం ఉన్న అషాంతి ప్రాంతంలో ఒకటి, అక్రా పైనున్న అక్వాపిమ్ కొండల మీద ఇంకొకటి. మాకు కావలసింది రెండోది. వెనక్కి తిరిగే ముందు రోడ్డు పక్క పిల్లాడి దగ్గర చల్లటి సోబోలో సీసాలు కొన్నాం, ఒక్కోటి 8 సెడీలు. ఎర్ర గోంగూర పువ్వు కింద ఉండే ఎర్రటి తొడుగులు ఉడికించి, అల్లం, పంచదార వేసి చేస్తారు. ఆకుతో పచ్చడి చేసుకుంటాం అంటే ఆ పిల్లాడు నమ్మలేదు, వాళ్ళ అమ్మను పిలిచి మరీ చెప్పించాడు. ఆవిడా నమ్మలేదు.

కొండ ఎక్కాక గాలి చల్లబడింది. టెట్టే క్వార్షీ అనే గా తెగ కమ్మరి 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి కోకో గింజలు తెచ్చి ఇక్కడ నాటాడు. ఆ తోట ఇప్పటికీ ఉంది, మొదట నాటిన చెట్లలో కొన్ని బతికే ఉన్నాయి. మొదలు వంకర్లు తిరిగి, నేలకు వాలి, మళ్ళీ పైకి లేచింది. కాయలు కొమ్మల చివర కాదు, మాను మీదే నేరుగా కాస్తాయి.

ఇది చూసి ఆశ్చర్యపోయేంత కొత్తేం కాదు నాకు. మాది పశ్చిమ గోదావరి. కొబ్బరి తోటల నీడలో కోకో వేసిన ఊళ్ళు చూస్తూ పెరిగినవాణ్ణి. గైడు కాయ కోసి చేతికిస్తే నేను అలవాటుగా తెల్లటి గుజ్జు చప్పరించి గింజ పక్కకు ఊశాను. అతను, "ఎక్కడి నుంచి వచ్చారు మీరు?" అన్నాడు. అక్కడి నుంచి టూరిస్టు కబుర్లు ఆగిపోయి రైతు కబుర్లు మొదలయ్యాయి. వీళ్ళు గింజల్ని అరటాకుల మీద కుప్ప పోసి, పైన కూడా అరటాకులు కప్పి ఆరు రోజుల దాకా పులియబెడతారు. తర్వాత నేలకు ఎత్తుగా కట్టిన వెదురు తడికెల మీద ఎండబెట్టి, రోజంతా చేత్తో తిరగేస్తూ పాడు గింజ ఏరేస్తారు. మన దగ్గర చాలామంది సిమెంటు కళ్ళాల మీదో, టార్పాలిన్ల మీదో పోసేస్తారు. ఇక్కడ బస్తా అంటే 64 కిలోలు. ధర ప్రభుత్వమే సీజన్ మొదట్లో ప్రకటిస్తుంది, దేశమంతా అదే ధర. మొన్నామధ్య ఏలూరు వైపు కోకో రైతులు ధర పడిపోయి రోడ్డెక్కిన సంగతి చెబితే గైడు తల ఊపాడు. ప్రకటించిన ధర ఉన్నా డబ్బు చేతికి రావడానికి ఎదురుచూడాల్సి వస్తుందని వాళ్ళ బాధ. ఇంకా ఎక్కువ ధర వస్తుందని సరిహద్దు దాటించి అమ్మేవాళ్ళూ ఉన్నారట.

తోట పక్కన కొందరు ఆడవాళ్ళు భోంచేస్తున్నారు. మమ్మల్ని చూడగానే ఒకావిడ కంచం చూపించి, "రండి, మీకూ ఆహ్వానం" అంది. ఎవరు తింటున్నప్పుడు ఎవరు ఎదురైనా అలా పిలవడం ఇక్కడి పద్ధతి. మేం థాంక్స్ చెప్పి ముందుకు కదిలాం. నిజంగా కూర్చుని ఉంటే ఏమయ్యేదో!

నవంబర్ 13, గురువారం, కుమాసీ దారి

నాలుగో గడి బంగారు గని. పాత ఇంగ్లీషు పేరు గోల్డ్‌కోస్ట్ అనే దేశానికి అది లేకపోతే ఎలా. కుమాసీకి దక్షిణాన ఒబువాసిలో 1897లో పెట్టిన కంపెనీ గనులు పెద్దవి. భూమి లోపలి గని కాబట్టి మామూలు జనం వెళ్ళి చూసేది ఉండదు. బంగారం కథ మాకు రోడ్డు మీదే కనిపించింది. ఒక వంతెన దగ్గర కోఫీ కారు ఆపి నది చూపించాడు. నీళ్ళు పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నాయి. లైసెన్సు లేకుండా ఒడ్లు తవ్వి, మట్టి కడిగి బంగారం తీసేవాళ్ళ పని. ఇక్కడ దాన్ని గలాంసే అంటారు. నదులు పాడవుతున్నాయి, కోకో తోటలు గుంతలవుతున్నాయి. డాలు మీద మూడో గడీ నాలుగో గడీ పక్కపక్కనే ఉన్నాయి, నేల మీద మాత్రం ఒకదాన్ని ఒకటి తినేస్తున్నాయని మేనల్లుడు అన్నాడు. తోట అమ్మేసి గనికిచ్చిన మేనమామ ఒకాయన కోఫీకీ ఉన్నాడు. ఆయన్నేమీ అనలేదు, "ఆ ఏడు పిల్లల ఫీజులు కట్టాడు" అని మాత్రం చెప్పాడు.

నవంబర్ 14, శుక్రవారం, కుమాసీ, బొన్‌వైర్

అషాంతి రాజుల మన్హియా రాజభవనం మ్యూజియం. 1924లో సీషెల్స్ ప్రవాసం నుంచి తిరిగొచ్చిన మొదటి ప్రెంపే రాజు కోసం కట్టిన ఇల్లు. గదుల్లో రాజుల, రాణుల మైనపు బొమ్మలు. లోపల ఫొటోలు తీయనివ్వరు.

వీళ్ళ ప్రాణం బంగారు ఆసనం. పదిహేడో శతాబ్దం చివర ఒకొంఫో అనొచే అనే పూజారి ఆకాశం నుంచి దింపి మొదటి ఒసెయ్ టుటు రాజు ఒళ్ళో పెట్టాడని నమ్మకం. దిగింది శుక్రవారం కాబట్టి దాని పేరులోనూ కోఫీ ఉంది. మా డ్రైవర్ ఆ మాట గైడు కంటే ముందే చెప్పేశాడు. దాని మీద రాజు కూడా కూర్చోడు. నేలకు తగలనివ్వరు. 1900లో ఇంగ్లీషు గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసీ వచ్చి, ఆ ఆసనం తెచ్చివ్వండి, నేను కూర్చుంటాను అన్నాడు. యా అసంతేవా అనే రాజమాత జనాన్ని కూడగట్టి యుద్ధానికి దిగింది. యుద్ధం ఓడిపోయారు, ఆమెను కూడా సీషెల్స్‌కి పంపేశారు. ఆసనం మాత్రం ఇంగ్లీషువాళ్ళకు చిక్కలేదు.

దేశంలో ఇంత బరువైన చిహ్నం రాజముద్రలో లేదు! గైడుని అడిగితే నవ్వి, అది అషాంతిలది, రాజముద్ర అందరిదీ అన్నాడు. సరైన జవాబే. ఒక రాష్ట్రం దేవుణ్ణి దేశం నెత్తిన పెడితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

ఒక గదిలో 1874 దండయాత్రలోనూ ఆ తర్వాతా లండన్ చేరిన బంగారు వస్తువులు. 2024లో బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిసి 32 వస్తువులు పంపాయి, అదీ అప్పుగా, మూడేళ్ళ గడువు పెట్టి. ఎత్తుకెళ్ళినవాడు అప్పుగా ఇవ్వడం, సొంతదారు సంతకం పెట్టి తీసుకోవడం. కోహినూర్ గుర్తొచ్చి ఆ గదిలో ఎక్కువసేపు ఉండలేకపోయాను. అమెరికాలోని ఫౌలర్ మ్యూజియం మాత్రం అదే ఏడు 7 వస్తువుల్ని శాశ్వతంగా ఇచ్చేసింది.

మధ్యాహ్నం బొన్‌వైర్. కెంటే నేత ఊరు. మగ్గాలన్నీ ఒక పెద్ద షెడ్డులో వరసగా ఉన్నాయి, నేసేది మగవాళ్ళు. బట్ట నాలుగు అంగుళాల పట్టీగానే వస్తుంది. కాలి వేళ్ళ మధ్య చిన్న బిళ్ళలు పట్టుకుని వాటితోనే పడుగు పోగుల్ని పైకెత్తుతారు. ముందు చాచిన పడుగు చివర ఒక బండ కట్టి ఉంటుంది, నేస్తున్నకొద్దీ అది నేల మీద ఈడ్చుకుంటూ దగ్గరికొస్తుంది. పట్టీలన్నీ అంచులు కలిపి కుడితే చీరంత బట్ట. ఇద్దరు వేటగాళ్ళు సాలీడు గూడు చూసి నేత నేర్చుకున్నారని కథ. 2024 డిసెంబరులో యునెస్కో కెంటే నేతను తన జాబితాలో చేర్చుకుంది.

నమూనాలన్నిటికీ పేర్లున్నాయి. ఒకదాని పేరు "ఎన్‌క్రుమాకి ఫాతియా తగినది". 1966లో ఆయన పడిపోగానే అదే నమూనాకి పేరు మార్చారు: "ఒక్కడే దేశాన్ని ఏలలేడు". బట్టలో ఒక్క పోగు కూడా మారలేదట. రాజకీయం ఇంత పొదుపుగా చెప్పిన జనాన్ని నేను వేరే చూడలేదు. మా ఆవిడ ఆ నమూనాలోనే మెడలో వేసుకునే పట్టీ బేరమాడింది. 300 చెప్పాడు, 180కి ఇచ్చాడు. ఏ పేరుతో కొంటున్నావని అడిగాను. పట్టించుకోలేదు.

రాత్రి రెడ్ రెడ్. పామాయిల్‌లో ఉడికిన బొబ్బర్ల కూర, పక్కన పండు అరటి వేపుడు. చేప లేకుండా విడిగా చేయించుకున్నాం, 35 సెడీలు.

నవంబర్ 15, శనివారం, అహ్వియా, ఎన్‌టొంసో

కుమాసీ నుంచి ఉత్తరంగా, మొన్న పొరపాటున బయల్దేరిన ఆ అషాంతి మాంపాంగ్ రోడ్డు మీదే, చెక్క పనివాళ్ళ ఊరు అహ్వియా. మొదటి గడిలోని చేతికర్ర కోసం వచ్చాం. ఇక్కడ పెద్ద నాయకుడితో ఎవరూ నేరుగా మాట్లాడరు, ఆయనా నేరుగా మాట్లాడడు. మధ్యలో ఒకియామె అనే వాక్కు పెద్ద ఉంటాడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడం, ముతకగా ఉన్నదాన్ని నునుపు చేయడం ఆయన పని. ఆయన హోదాకు గుర్తు ఆ కర్ర. డాలు మీద కత్తీ కర్రా కలిసి ఊరి పాలనకు గుర్తులు.

కర్ర పైన చెక్కిన బొమ్మ ఒక సామెత. పెద్ద మనిషి ఒకాయన నాకొకటి చేతికిచ్చాడు. గుప్పిట్లో గుడ్డు పట్టుకున్న చెయ్యి. మీద బంగారు రంగు రేకు, వేళ్ళ సందుల్లో ఇంకా ఉలి గాట్లు. అధికారం గుడ్డు లాంటిది, గట్టిగా పిసికితే చితుకుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది అని ఆయన వివరించాడు. ఇంకో కర్ర మీద బల్ల ముందు ఇద్దరు మనుషులు, ఒకడే తింటున్నాడు. అన్నం దాని సొంతదారుదే, ఆకలేసినవాడిది కాదని అర్థం, అంటే గద్దె వారసుడిదే అని. గుడ్డు కర్రల్లో మూరెడు పొడవున్నది 250కి తీసుకున్నాం.

పీటలు కూడా ఇక్కడే చెక్కుతారు, ఒక్క దుంగలోంచి. చెక్కడం అయిన పీటల్ని పక్కకు వాల్చి పెడుతున్నారు. ఖాళీ పీట నిటారుగా ఉంటే దారిన పోయే ఆత్మ ఏదో వచ్చి కూర్చుంటుందట.

ఎన్‌టొంసోలో అదింక్రా అచ్చు. బడియె చెట్టు బెరడు నానబెట్టి, రోట్లో దంచి, డ్రమ్ముల్లో గంటలకొద్దీ మరగబెడతారు. వడకట్టి మళ్ళీ చిక్కబడేదాకా కాచిన నల్లటి రసమే రంగు. అచ్చులు సొరకాయ బుర్ర ముక్కలు, వెనక పుల్లలు కట్టి పిడి చేస్తారు. కుర్రాడు అచ్చు ముంచి, ఒక్కసారి విదిల్చి, గుడ్డ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దొర్లించాడు. బుర్ర ముక్క వంపుగా ఉంటుంది కాబట్టి నొక్కితే సరిగా పడదు, దొర్లించాలి. గళ్ళు గీయడానికి చెక్క దువ్వెన. మా ఆవిడ ఎడం చేత్తో ఒక అచ్చు వేయబోయి, క్షమాపణ చెప్పి, కుడి చేతికి మార్చుకుంది. అచ్చు వంకరగా పడింది. కుర్రాడు ఆ గుడ్డ ఆవిడకే అంటగట్టాడు, 60 సెడీలు.

ఈ గుర్తుల్లో రెండు ఎక్కడ చూసినా ఉంటాయి. ఒకటి దేవుడు తప్ప ఎవరూ లేరనే గ్యే న్యామె. ప్లాస్టిక్ కుర్చీల వీపు మీద అదే చిల్లులుగా ఉంటుంది. వ్యాన్ల వెనక, మంగలి షాపుల మీద అదే. రెండోది మెడ వెనక్కి తిప్పిన పక్షి సాంకోఫా. ప్రభుత్వం గద్దలూ సింహమూ వేసుకుంటే జనం ఇవి వేసుకున్నారు. ఆ సింహం ఇంగ్లీషువాళ్ళతో చుట్టరికానికి గుర్తు. 1960లో రిపబ్లిక్ అయినా దాన్ని తీయలేదు.

తిరిగొస్తుంటే రోడ్డంతా నలుపు, ఎరుపు బట్టల జనం. కుమాసీలో శనివారం అంటే చావు కార్యాల రోజు. ఎన్‌టొంసోలో చూసిన ముదురు రంగు గుడ్డలు ఇప్పుడు మనుషుల భుజాల మీద ఉన్నాయి. షామియానాలు, అద్దె కుర్చీలు, చెవులు పగిలే స్పీకర్లు. మైకులో ఎవరు ఎంత ఇచ్చారో చదువుతున్నారు, ఇచ్చినవాళ్ళకు రసీదు. మనకు పెళ్ళిలో చదివింపులు, వీళ్ళకు చావులో. కోఫీ తనకు తెలిసినవాళ్ళదే అని చెప్పి 50 సెడీలు ఇచ్చి, కుడి చివరి నుంచి మొదలుపెట్టి కూర్చున్నవాళ్ళందరి చేతులూ కలిపి వచ్చాడు. మమ్మల్నీ కలపమన్నాడు. మధ్యలో ఒకరిని వదిలేస్తే తప్పట.

నవంబర్ 17, సోమవారం, అక్రా

ఆఖరి కార్తీక సోమవారం. మళ్ళీ ఉపవాసం, మళ్ళీ అయిదున్నర గంటలు వెనక.

జెండా గీసినావిడ థియోడోసియా ఒకో. చిత్రకారిణి, టీచరు. ఎరుపు స్వాతంత్ర్యం కోసం చిందిన రక్తం, పసుపు ఖనిజాలు, ఆకుపచ్చ అడవులు. ఆవిడ అభిమానం హాకీ. ఘనా హాకీ సంఘానికి పెద్దగా ఉన్నారు. అక్రాలో హాకీ స్టేడియానికి ఆవిడ పేరే. అక్కడికి వెళ్తే కుర్రాళ్ళు ప్రాక్టీసు చేస్తున్నారు. ఇండియా అనగానే ఒకడు వచ్చి పెనాల్టీ కార్నర్ గురించి ప్రశ్నలు మొదలుపెట్టాడు. నాకు తెలిసింది ధ్యాన్‌చంద్ దగ్గరే ఆగిపోయింది. మేనల్లుడు ఫోన్ తీసి ఆదుకున్నాడు.

దారిలో జూబిలీ హౌస్, ఇప్పటి అధ్యక్షుడి కార్యాలయం. కారు ఆపకూడదు, ఫొటో తీయకూడదు, కిటికీలోంచి చూడడమే. మన ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో, మన కంపెనీ కట్టి, 2008లో ప్రారంభమైన భవనం. దాని ఆకారం చూస్తే నవ్వొచ్చింది. అషాంతిల ఆసనం! ముద్రలో చోటు దొరకని పీట చివరికి ప్రభుత్వం కూర్చునే ఇల్లే అయింది.

ఎయిర్‌పోర్టులో చెక్క సామాను ఉందేమోనని బ్యాగు తెరిపించారు. ఆఫీసరమ్మ గుడ్డు కర్ర బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, మా ఇద్దరినీ చూసి, "మీ ఇంట్లో ఒకియామె ఎవరు?" అంది. మా ఆవిడ చెయ్యెత్తింది. కుడిదే. ఆఫీసరమ్మ కర్ర నా చేతికి కాకుండా మా ఆవిడకే ఇచ్చి పంపేసింది.